తుపాకీ ఉంది, తూటా ఏదీ?

వించెస్టర్ కంపెనీ .405 తూటాను 1904లో బయటికి తెచ్చింది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ ఆఫ్రికా వేటకు వెళ్తూ సింహాల కోసం ఆ తూటా పేల్చే వించెస్టర్ రైఫిల్‌నే వెంట తీసుకెళ్ళాడు. దక్షిణ భారతంలో దానికి పేరు తెచ్చినవాడు బెంగళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల లోయల పులుల కథలు చదివినవారికి ఆయన చేతిలోని .405 బాగా తెలుసు. కొన్నాళ్ళకు ఆ రైఫిల్ తయారీ ఆగింది. 1950ల నడుమ తూటా తయారీ కూడా ఆగిపోయింది. తుపాకులు మాత్రం చెక్కుచెదరలేదు. లీవర్ బిగువుగానే ఉంది, గొట్టం లోపలి మరలు మెరుస్తూనే ఉన్నాయి, కానీ లోపల పెట్టడానికి తూటా లేదు.

ఈ కష్టం .405 ఒక్కదానిదే కాదు. ఏనుగు, అడవిదున్న, పులి వేటకని బ్రిటన్‌లో పుట్టిన నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలకు పెద్ద దిక్కు బర్మింగ్‌హామ్‌లోని కైనాక్ సంస్థ. 1970 వచ్చేసరికి అది ఆ తయారీని వదులుకుంది. దాంతో లండన్, బర్మింగ్‌హామ్ పనివాళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తీర్చిన రైఫిళ్ళు ఆఫ్రికాలోనూ ఇండియాలోనూ దిక్కులేనివయ్యాయి.

వీటిని వాడుకలో ఉంచడం ఎలా అన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. పాత తూటాలు దాచుకోమనేవారు, తూటా సొంతంగా కట్టుకోమనేవారు, తుపాకీనే మార్చుకోమనేవారు, కంపెనీలు మళ్ళీ తెస్తాయి ఓపిక పట్టమనేవారు ఇందులో ఉన్నారు. వీరి మాట కలవకపోవడానికి ఒక కారణం ‘వాడుక’ అనే మాటే. ఒకరి లెక్కలో తుపాకీ తయారైన రోజున ఎలా పేలిందో ఇవాళా అలాగే పేలాలి. మరొకరికి ఏదో ఒక తూటాతో పేలితే చాలు. ఇంకొకరికి పేల్చకపోయినా పర్వాలేదు, పేల్చగల స్థితిలో ఉంటే చాలు. ఎవరు ఏ అర్థంలో మాట్లాడుతున్నారో చూసుకోకపోతే ఈ వాదం ఎప్పటికీ తెగదు.

పరిభాష విషయం ఒకటి ముందే చెప్పుకోవాలి. మన వాడుకలో తూటా, గుండు రెండూ కలిసిపోతాయి. ఇక్కడ తూటా అంటే మొత్తం సరుకు. అందులో ముందు భాగం గుండు, వెనక ఇత్తడి షెల్, షెల్ లోపల మందు, షెల్ అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటాయి. తూటా కూర్చునే గది ఛాంబర్. అరుదైన తూటా అని అన్నప్పుడు నిజానికి అరుదైనది చాలాసార్లు షెల్ ఒక్కటే. మిగతా మూడింటికి ఏదో ఒక దారి దొరుకుతుంది.

అరుదు ఎలా పుడుతుంది

తూటాలు అరుదు కావడానికి కొనేవాళ్ళు తగ్గడమే కారణమని అనుకుంటాం. చరిత్ర చూస్తే అంతకంటే పెద్ద కారణాలు రెండు కనిపిస్తాయి. ఒకటి చట్టం. రెండోది ఆ తూటా ఎవరి సొత్తు అన్నది.

మొదటిదానికి ఇండియాను మించిన ఉదాహరణ లేదు. రిగ్బీ సంస్థ 1898లో తెచ్చిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ ఏనుగు వేటగాళ్ళ ఆదరణ పొందింది. అదే కొలత గుండు పాత మార్టినీ-హెన్రీ సైనిక రైఫిల్‌కు కూడా పట్టేది. ఆ సరుకు తిరుగుబాటుదారుల చేతికి చేరుతుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 20వ శతాబ్దం తొలి దశకంలో ఇండియాలోకి .450 దిగుమతిని నిషేధించింది. లండన్ వ్యాపారులకు ఇండియా పెద్ద బజారు, దాన్ని వదులుకోలేరు. అందుకని తలా ఒక కొత్త కొలత పట్టుకొచ్చారు. హాలండ్ అండ్ హాలండ్ వారిది .465, జోసెఫ్ లాంగ్‌ది .470, జెఫరీది .475 నంబర్ 2, వెస్ట్లీ రిచర్డ్స్‌ది .476. పని ఒక్కటే, బలం ఇంచుమించు ఒక్కటే, కానీ ఒకదాని తూటా ఇంకొకదానిలో పట్టదు. ఇవాళ ప్రపంచమంతటా ఈ రైఫిళ్ళ సొంతదారులు షెల్ కోసం పడుతున్న తిప్పలకు మూలం వందేళ్ళ కిందటి ఆ ఒక్క నిషేధం.

మరికొన్ని దేశాల్లోనూ ఇదే జరిగింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో సైనిక కొలతలపై ఆంక్ష ఉండడంతో .303 షెల్ మెడను నొక్కి చిన్న గుండు పట్టేలా .303-25 పుట్టించారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో సైన్యం 8×57 బదులు కాస్త పొడుగైన 8×60 వచ్చింది. మన దేశంలో పౌరులకు .303 కూడదన్నారు కాబట్టి బీఎస్ఏ కంపెనీ ఆస్ట్రియావారి 8×50ఆర్ మన్లిషర్ తూటాను తీసుకుని రైఫిల్ చేసింది. అదే మన .315.

ఈ .315 గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని దశాబ్దాలుగా తయారుచేస్తోంది. తూటాలు పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ నుంచి ‘కేఎఫ్’ ముద్రతో వస్తాయి. లైసెన్సు ఉన్న రైతుకు ఇంతకంటే మామూలు రైఫిల్ మన దగ్గర లేదు. అదే తూటా ఐరోపాలో పాత మన్లిషర్ ఉన్నవారికి వెతికినా దొరకని వస్తువు. కాబట్టి అరుదనేది తూటా గుణం కాదు, చోటు గుణం. ఇంగ్లండ్ పుస్తకం ‘మామూలు తూటా’ అందని ఇక్కడివారు భరోసా పడకూడదు. అమెరికా పుస్తకం ‘పోయిన తూటా’ అందని ఆశ వదులుకోనూ కూడదు.

ఇక రెండో కారణం. పాత కాలంలో ఒక్కో తుపాకీ సంస్థ తన తూటాను తనకే ఉంచుకునేది, ఇతరులు ఆ కొలతలో రైఫిల్ చేయడానికి వీలుండేది కాదు. .465 అలా హాలండ్ వారి ఇంటి సొత్తుగా ఉండిపోయింది. లాంగ్ మాత్రం .470ని అందరికీ వదిలేశాడు. దాంతో పదిమంది పనివాళ్ళు ఆ కొలతలో రైఫిళ్ళు చేశారు, తూటాకు గిరాకీ నిలిచింది. కైనాక్ మానేశాక తిరిగి లేచిన వాటిలో .470 ముందు వరసలో ఉండడానికి కారణం దాని బలం కాదు, దాని చుట్టూ ఉన్న జనం. .375 హాలండ్ కథా అంతే. 1912లో ఇంటి సొత్తుగా మొదలై, తరువాత అమెరికాలో వించెస్టర్ చేతిలో పడి లోకానికంతా చేరింది, ఎన్నడూ కరువు కాలేదు.

అరుదు అనిపించేదంతా అరుదు కాదని కూడా గుర్తుంచుకోవాలి. కొన్నిచోట్ల పేరే మోసం చేస్తుంది. చంపావత్ పులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన రైఫిల్ .275 రిగ్బీ. ఆ పేరుతో అంగడికి వెళ్తే తూటా దొరక్కపోవచ్చు. నిజానికి అది 7×57 మౌజర్‌కు రిగ్బీ పెట్టుకున్న ఇంటి పేరు. .404 జెఫరీ ఐరోపాలో 10.75×73 అనే పేరుతో తిరిగింది.

ఇంతకంటే ప్రమాదకరమైనది దీనికి తిరగేసిన సంగతి: ఒకే పేరు, వేర్వేరు తూటాలు. .450/400కు మూడు అంగుళాలది ఒకటి, మూడుంపావు అంగుళాలది ఒకటి ఉన్నాయి. మూడుంపావుదానిలో మళ్ళీ నల్లమందు కాలానిది వేరు, పొగరాని నైట్రో మందు కాలానిది వేరు. షెల్ అదే, ఛాంబర్ అదే, లోపలి ఒత్తిడి మాత్రం భూమ్యాకాశాల తేడా. అందుకే రెండు గొట్టాల పాత డబుల్ రైఫిల్ చేతికొస్తే మొదట తిప్పి చూడవలసింది గొట్టాల అడుగు. ముందుచెక్క ఊడదీస్తే ఆ ఉక్కు మీద, తుపాకులను పేల్చి పరీక్షించే ప్రూఫ్ హౌస్ వారి ముద్రలు ఉంటాయి. వాటి పక్కన కార్డైట్ మందు 60 గ్రెయిన్లు, గుండు 400 గ్రెయిన్లు, ఇంతకు మించరాదు అనే అర్థం వచ్చే అక్షరాలు చిన్నవిగా చెక్కి ఉంటాయి. ఆ ఒక్క వరుస ఏ అమ్మకందారు చెప్పే మాటకన్నా నమ్మదగినది.

దాచుకోమనేవారు

అందరికంటే పాతది, సులువైనది ఈ దారి. పాత కైనాక్ పెట్టెలు దొరికినన్ని కొని భద్రపరచడమే. తుపాకీ ఏ తూటాతో పరీక్షకు నిలిచిందో అదే తూటా, కొలతలో అనుమానం లేదు, కొత్తగా నేర్చుకోవలసిందీ లేదు. ఏటా రెండు మూడు గుళ్ళకు మించి పేల్చనివారికి యాభై తూటాలు జీవితకాలం వస్తాయన్నది వీరి లెక్క.

లెక్క బాగానే ఉంది, ఇత్తడి మాత్రం ఆ లెక్క వినదు. ఇండియాలోని బ్రిటిష్ సైన్యానికి ఇది అనుభవపూర్వకంగా తెలిసింది. వానాకాలంలో గుర్రపుసాలల్లో నిలవచేసిన తూటాల షెల్స్ వాటంతటవే పగిలిపోయేవి. గుర్రపు మూత్రం నుంచి లేచే అమోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడి లోపల మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసే పని అది అని 1921లో శాస్త్రీయంగా తేల్చారు. కాలాన్ని బట్టి వచ్చే పగులు కాబట్టి ‘సీజన్ క్రాకింగ్’ అన్న పేరు దానికి నిలిచిపోయింది. పశువుల కొట్టం పక్క గదిలో, ఎరువుల బస్తాల దగ్గర తూటాలు పెట్టడం ఇప్పటికీ ఇంతే చేటు.

మందుతోనూ పేచీ ఉంది. 1889 నాటి కార్డైట్ వేడికి రెచ్చిపోయే రకం. లండన్ చలిలో సరిపోయిన మోతాదు మన మే నెల ఎండలో ఛాంబర్ మీద ఎక్కువ ఒత్తిడి తెస్తుంది. షెల్ బిగుసుకుపోయి బయటికి రాదు. ఎదుట గాయపడిన జంతువు ఉన్నప్పుడు అలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే తయారీదారులు మోతాదు తగ్గించి ఉష్ణదేశాల తూటా అంటూ వేరే పెట్టెలు అమ్మేవారు. పాత పెట్టె కొనేవారు అది ఏ దేశానికి కట్టిందో చూసుకోవాలి. ఇక పాత ప్రైమర్లలోని పాదరసం పేలినప్పుడు ఇత్తడిని పెళుసు చేస్తుంది కాబట్టి ఆ షెల్‌ను మళ్ళీ వాడలేం. వాటిలోని మరో లవణం గొట్టంలో తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. నూనె గుడ్డతో తుడిస్తే అది పోదు, నీళ్ళతో కడగాలి.

దాచుకోవడం మధ్యకాలంలో అక్కరకొచ్చే ఏర్పాటు. అదే శాశ్వతమార్గం అనుకోవడం పొరపాటు.

తూటా కట్టుకోమనేవారు

ఈ రంగంలో నిజమైన విద్య ఉన్నది ఇక్కడే. చట్టం అనుమతించే అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దేశాల్లో పాత రైఫిళ్ళను బతికించినవారు ఎక్కువగా ఈ వర్గంవారే.

మొదటి పని ఛాంబర్ అచ్చు తీయడం. గొట్టం మీద రాసిన అంకెను నమ్మడానికి లేదు. వందేళ్ళలో ఎవరైనా మార్చి ఉండవచ్చు, చేతిపని కాబట్టి మొదట్లోనే తేడా ఉండవచ్చు. 70 నుంచి 88 డిగ్రీల మధ్య కరిగే ఒక మిశ్రమలోహం ఉంది, సెరోసేఫ్ అంటారు. అంటే వేడి నీళ్ళలోనే కరుగుతుంది. గొట్టాన్ని ముందు వైపు నుంచి గుడ్డతో బిగించి, శుభ్రం చేసిన ఛాంబర్లో దీన్ని పోస్తారు. గడ్డకట్టగానే అది కాస్త కుంచించుకుపోతుంది, ఆ అదనులో మెల్లగా తట్టి బయటికి తీయాలి. తరువాత అది మళ్ళీ ఉబ్బడం మొదలుపెడుతుంది. సరిగ్గా గంటకు ఛాంబర్ అసలు కొలతకు వస్తుంది. అప్పుడు మైక్రోమీటరు పెట్టి అంచు మందం, అడుగు వ్యాసం, మెడ వ్యాసం, పొడుగు రాసుకోవాలి. మర్నాటికి వదిలేస్తే ఆ కొలత తప్పు.

కొలతలు చేతికొచ్చాక వాటికి దగ్గరగా ఉండి, సులువుగా దొరికే షెల్ ఏదని వెతుకుతారు. ఇక్కడ అదృష్టం ఒక్కొక్కరిది ఒక్కో రకం. అడుగు వ్యాసం .30-06 కుటుంబానికి చెందినదైతే బాధ లేదు. ఆ షెల్‌ను కోసి, నొక్కి 7×57, 8×57 వంటి ఎన్నో తూటాలకు షెల్ చేసుకోవచ్చు. ఆండర్సన్ .405 వంటిదానికి .30-40 క్రాగ్ షెల్ అడుగు, అంచు ఇంచుమించు సరిపోతాయి, కానీ పొడుగు పావు అంగుళానికి పైగా తక్కువ. తయారీ ఆగిన కాలంలో కొందరు ఆ పొట్టి షెల్‌తోనే నెట్టుకొచ్చారు. పేలుతుంది, గురీ ఫర్వాలేదు. కానీ గుండు మరల్లోకి చేరేలోపు ఖాళీలో దూకాలి, ఛాంబర్ ముందు భాగానికి నిప్పుసెగ నేరుగా తగులుతుంది. వెడల్పు అడుగు ఉండి, అంచు ఉన్న పెద్ద నైట్రో తూటాలకైతే నొక్కి మలచుకోవడానికి ఏ షెల్లూ ఉండదు. కొత్తగా తయారు కావలసిందే.

ఆ లోటు తీర్చినవి చిన్న చిన్న సంస్థలు. అమెరికాలో జిమ్ బెల్ స్థాపించిన బ్రాస్ ఎక్స్‌ట్రూజన్ లాబొరేటరీస్, ఆస్ట్రేలియాలో బెర్‌ట్రామ్ షెల్స్ చేసి ఇచ్చాయి. గుండ్ల విషయంలో ఆస్ట్రేలియాలోనే వుడ్లీ సంస్థ పాత కొలతలన్నిటికీ పాత బరువుల్లోనే గుండ్లు పోసింది. ఇదీ చిన్న మేలు కాదు. .405 గుండు .411 అంగుళాలు, .318ది .330, .425ది .435, రాస్ .280ది .287. పేరులోని అంకెకూ గుండు కొలతకూ పొంతన లేని లోకం ఇది. దగ్గరగా ఉంది కదా అని పెట్టే గుండు కొంచెం లావైతే ఒత్తిడి పెరుగుతుంది, సన్నమైతే గురి తప్పుతుంది.

ఇత్తడితో చేసే పనిలో ప్రాణమంతా మెత్తబరచడంలో ఉంది. పెంబర్తి, బూదితి కంచరులకు తరతరాలుగా తెలిసిన సంగతే ఇది. కొట్టినకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, కాలిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. షెల్‌ను నొక్కి మలిచినా, పేల్చి మళ్ళీ కుదించినా మెడ గట్టిపడి నిలువునా చీలుతుంది. కాబట్టి మెడను కాల్చాలి. అడుగు మాత్రం గట్టిగానే ఉండాలి, ఎందుకంటే ఒత్తిడిని ఆపేది అదే. ఈ రెండూ ఒకే వస్తువులో కావాలి. పాత పద్ధతిలో వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, సగం మునిగేలా షెల్స్ నిలబెట్టి, మసక వెలుతురులో మెడ మీద మంట పెడతారు. రంగు మారడం కనపడగానే షెల్‌ను నీళ్ళలోకి పడదోస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే మెడ మరీ మెత్తనై గుండును పట్టదు. అడుగు వేడెక్కితే ఆ షెల్‌ను పారేయాలి, ఇంకోలా సరిదిద్దే వీలు లేదు.

ప్రైమర్ దగ్గర మరో ముడి. పాత బ్రిటిష్ షెల్స్ బెర్డాన్ రకానివి. వాటిలో అడుగున రెండు చిన్న రంధ్రాలు పక్కపక్కన ఉంటాయి, వాడిన ప్రైమర్‌ను సూదితో నెట్టి తీయలేం. బాక్సర్ రకంలో నడిమధ్య ఒకే రంధ్రం, సులువుగా ఊడుతుంది. బెర్డాన్ అమెరికావాడు, ఆయన పద్ధతి ఐరోపాలో స్థిరపడింది. బాక్సర్ ఇంగ్లండువాడు, ఆయన పద్ధతి అమెరికాలో నిలిచింది. కొత్తగా షెల్స్ చేస్తున్నవారు దాదాపుగా బాక్సర్ వైపే మొగ్గారు. అది మంచి నిర్ణయం.

ఈ వర్గం బలహీనత కూడా ఇక్కడే ఉంది. సరఫరా అంతా వేళ్ళ మీద లెక్కపెట్టగల చేతుల్లో ఉంది. 2021లో వుడ్లీ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు ఈ లోకమంతా దిగులుపడింది. కైనాక్ ఒక్కదాన్నే నమ్ముకున్న పాత తరం ఏ గతి పట్టిందో అదే గతి మళ్ళీ ఎదురైనట్టయింది.

రెండు గొట్టాల చిక్కు

ఒంటి గొట్టం రైఫిల్‌కు పైన చెప్పినంత చాలు. డబుల్ రైఫిల్‌కు చాలదు, ఈ చర్చలో ఎక్కువ వివాదం ఉన్నది దాని దగ్గరే.

రెండు గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, గుళ్ళు మాత్రం ఒకే చోట తగలాలి. కుడి గొట్టం పేలితే తన్నుకు తుపాకీ పైకీ కుడికీ తిరుగుతుంది, ఎడమది పేలితే ఎడమకు తిరుగుతుంది. గుండు గొట్టంలో ఉన్న రెప్పపాటులోనే ఈ తిరుగుడు మొదలవుతుంది. పనివాడు దాన్ని లెక్కలోకి తీసుకుని, గొట్టాల కొసల మధ్య ఉక్కు చీలను కదిపి, అతుకు కరిగించి మళ్ళీ పోసి, పేల్చి చూసి, మళ్ళీ కదిపి సరిచేస్తాడు. అలా కుదిరేది ఒకే గుండు బరువుకు, ఒకే వేగానికి. మందు మోతాదు తగ్గితే గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, గుళ్ళు విడిపోయి కుడిది కుడికి, ఎడమది ఎడమకు పోతాయి. వేగం పెరిగితే ఒకదాన్నొకటి దాటి కత్తెర పడతాయి. ఆ లెక్క కుదిర్చింది కార్డైట్‌తో, కార్డైట్ ఇప్పుడు లేదు. ఆధునిక మందుతో అదే వేగం, ఒత్తిడి మించకుండా, రాబట్టాలి.

మందు షెల్‌ను పూర్తిగా నింపకపోవడమే గొడవంతటికీ మూలం. పెద్ద షెల్‌లో కాస్త మందు వేస్తే మిగతా చోటు ఖాళీ. తుపాకీ ఎత్తితే మందు వెనక్కి, దించితే ముందుకు జారుతుంది, ప్రతిసారీ నిప్పు ఒకేలా అందుకోదు. ఆ ఖాళీని దూదిలాంటి కపోక్‌తోనో స్పాంజితోనో నింపాలని ఒక పక్షం. గ్రేమ్ రైట్ తన పుస్తకం ‘షూటింగ్ ది బ్రిటిష్ డబుల్ రైఫిల్’లో ఈ మార్గాన్ని ఓపికగా పరీక్షించి చూపాడు. మూలన సర్దుకున్న ఆ పూరకం మందుకూ గుండుకూ మధ్య ఖాళీ వదిలితే అదే రెండో గుండులా వెళ్ళి ఛాంబర్లో కడియంలా ఉబ్బు తెస్తుందని రెండో పక్షం. షెల్‌ను దాదాపు నింపేసే మందు ఎంచుకుంటే పూరకమే అక్కర్లేదని మూడో పక్షం. ఆ మూడోవారి దారిలో మందు ఎక్కువ పడుతుంది, తన్నూ కాస్త పెరుగుతుంది. అయినా అనుమానం తక్కువ ఉన్నది అందులోనే. వారసత్వంగా వచ్చిన రైఫిల్ పట్ల బాధ్యత ఉన్నవారు అటే మొగ్గడం సబబు.

తుపాకీని మార్చుకోమనేవారు

షెల్ కోసం ఇంత అగచాట్లు ఎందుకు, ఛాంబర్ కాస్త పెంచి దొరికే తూటా పెట్టుకోవచ్చు కదా అనేది ఈ వర్గం ప్రశ్న. గొట్టం లోపల మరో గొట్టం దిగ్గొట్టవచ్చు, గొట్టమే మార్చవచ్చు. పని చేసుకునే రైతుకు, అడవి కాచే ఉద్యోగికి తుపాకీ ఒక పనిముట్టు. గొడ్డలికి కామ వేసినట్టే దీనికి గొట్టం వేస్తారు. బోల్ట్ రైఫిల్ అయి, మొదట్లో బజారు సరుకై, గొట్టం అరిగి ఉంటే ఈ వాదన పూర్తిగా న్యాయమే.

అన్నిటికీ ఇది కుదరదు. మన్లిషర్-షోనౌర్ 1903 రైఫిల్‌లో తూటాలు ఒక తిరిగే చక్రంలో కూర్చుంటాయి. ఆ చక్రం గాడులు 6.5×54 ఆకారానికే కోసినవి, వేరే తూటా వాటిలో తిరగదు. డబుల్ రైఫిల్‌లో ఛాంబర్ పెంచితే గొట్టం గోడ పలచబడుతుంది, పైగా పైన చెప్పుకున్న గురి లెక్క మొత్తం మళ్ళీ కట్టాలి. బ్రిటన్ చట్టంలో ఇలా మార్చిన తుపాకీని మళ్ళీ ప్రూఫ్ హౌస్‌కు పంపి అధిక ఒత్తిడిలో పేల్చి ముద్ర వేయించాలి. ఆ పరీక్షలో పగిలిపోతే అడిగే దిక్కు లేదు.

అన్నిటినీ మించిన సంగతి ఒకటి ఉంది. కోసిన ఉక్కు తిరిగి రాదు. 1960లు, 70లలో తూటా ఇక రాదనుకుని ఎన్నో మంచి రైఫిళ్ళ ఛాంబర్లు కోసేశారు. కొన్ని దశాబ్దాలకే ఆ తూటాలు మళ్ళీ వచ్చాయి.

మళ్ళీ వచ్చినవి

1980ల చివర అమెరికాలో ఫెడరల్ కంపెనీ .470 కట్టడం మొదలుపెట్టింది. 1990లలో ఇంగ్లండ్‌లోని కైనామ్కో సంస్థ కైనాక్ పేరుతోనే పాత తూటాలను తిరిగి తెచ్చింది. 2000ల మొదట్లో హోర్నడీ .405ను లేపింది. వించెస్టర్ ఆ రైఫిల్‌ను జపాన్‌లో మళ్ళీ చేయించి అమ్మింది. తరువాత .450/400, .404 వంతు వచ్చింది. పాత తుపాకీ సొంతదారుల కన్నీళ్ళు చూసి కంపెనీలు కరగలేదు. ఆ కొలతలో కొత్త రైఫిల్ అమ్ముడుపోతుందని లెక్క తేలాకే తూటా వచ్చింది. అందుకే ఓపిక పట్టమనే సలహా అందరికీ వర్తించదు. .470, .404 ఉన్నవారు నిశ్చింతగా ఉండవచ్చు. ఒక్క సంస్థ, కొన్నాళ్ళు మాత్రమే చేసిన కొలత ఉన్నవారికి ఆ రోజు రాకపోవచ్చు. వచ్చిన తూటా కూడా ఏటా తయారు కాదు. కొన్నేళ్ళకోసారి ఒక విడత కట్టి వదులుతారు, మళ్ళీ ఎప్పుడన్నది తెలియదు, ధర మామూలు తూటాల కంటే చాలా ఎక్కువ.

నాలుగు దారులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమే. దాచుకోవడంలో విద్య అక్కర్లేదు, కానీ సరుకుకు గడువుంది. కట్టుకోవడంలో తుపాకీ చెడదు, కానీ నైపుణ్యం, చట్టం రెండూ కావాలి. మార్చుకోవడంలో తూటా బాధ ఒక్కసారితో తీరుతుంది, తుపాకీ చరిత్ర కూడా దాంతోనే పోతుంది. ఎదురుచూడడంలో ఖర్చు లేదు, హామీ లేదు. కట్టుకోవడం, ఎదురుచూడడం కలిపి నడవడమే ఈ నాలుగింటిలో తెలివైన దారి. ఛాంబర్ ముట్టుకోకుండా ఉన్నంతకాలం మిగతా మూడు తలుపులూ తెరిచే ఉంటాయి.

మన దేశంలో ప్రశ్న మారిపోతుంది

ఇదంతా ఇండియాకు తెచ్చి నిలిపితే సగం వాదం ఎగిరిపోతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు ఉన్నంతమాత్రాన ఇంట్లో తూటా కట్టుకునే హక్కు రాదు. పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నడుమ నుంచి దాదాపు మూతపడింది. ఏటా ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. వేట సంగతి చెప్పనే అక్కర్లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం గీసిన గీతను 1991 సవరణ మరింత బిగించి వినోదపు వేటను పూర్తిగా ఆపేసింది. ఆపవలసిందే. మిగిలింది మనుషులకు ప్రాణాంతకమైన జంతువు, పంటలు పాడుచేసే అడవిపంది వంటి సందర్భాలు. వాటికీ అధికారుల అనుమతి కావాలి. తెలంగాణలో అడవిపందులను కాల్చడానికి ప్రభుత్వం గుర్తించిన షూటర్లు ఉన్నారు. ఆ పనికి .315, 12 బోరు చాలు, .470 అక్కర్లేదు.

కాబట్టి ఇక్కడ ప్రశ్న వేట కాదు, వారసత్వం. పాత జమీందారీ, దేశ్‌ముఖ్, సంస్థాన కుటుంబాల్లో తాతలు కొన్న ఇంగ్లిష్ రైఫిల్ ఉంటే అది మనవడి పేరుకు మారాలి. 2019 సవరణ ఒక్కొక్కరికి రెండు ఆయుధాలే అంది, వారసత్వంగా వచ్చినా ఆ లెక్క మించకూడదంది. వాడుకలో ఉన్న .315 ఉంచుకోవాలా, తూటా దొరకని తాతగారి రైఫిల్ ఉంచుకోవాలా అనే ప్రశ్న చాలా ఇళ్ళలో అలా వచ్చిపడింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా చాలామంది తుపాకులు స్టేషనుకో డీలరుకో అప్పగించవలసి వస్తుంది. నూనె తుడవని అన్ని రోజుల తేమ వందేళ్ళ మరలకు ఎంత చేటో వేరే చెప్పాలా. పేల్చడం సాధ్యం కాని చోట, పేల్చగల స్థితిని కాపాడడమే మన దగ్గర ‘వాడుక’కు అర్థం.

తేలవలసినవి

సీసం గుండ్ల మీద నిషేధం మెల్లగా కమ్ముకొస్తోంది. కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటలో సీసం కూడదు. డెన్మార్క్ 2024లో రైఫిల్ గుండ్లకూ ఆ నియమం పెట్టింది. బదులుగా వచ్చే రాగి గుండు అదే బరువుకు పొడుగ్గా ఉంటుంది. పాత గొట్టాల నెమ్మది మరలు దాన్ని నిలకడగా తిప్పగలవా, మెత్తని పాత ఉక్కు మీద గట్టి రాగి మరల అచ్చును గొట్టం బయటికి తేలుస్తుందా అన్న దాని మీద పనివాళ్ళ మాట ఒకటి కాలేదు. గుండు చుట్టూ గాళ్ళు కోసి రాపిడి తగ్గించినవి చాలునని కొందరంటారు. డబుల్ రైఫిల్‌లో అవీ వద్దని మరికొందరంటారు. పలచని గొట్టాలున్న తుపాకీ విషయంలో రెండోవారి జాగ్రత్తకే ఎక్కువ బరువుంది.

కంప్యూటరు నడిపే లేత్ మీద ఇత్తడి కడ్డీ నుంచి ఒక్కొక్క షెల్ తిప్పి తీయడం ఇప్పుడు సాధ్యమే. అచ్చు పోసి నొక్కిన షెల్ అంత గట్టిదా, ఎన్నిసార్లు పేల్చవచ్చు అన్నది ఇంకా అనుభవం మీద తేలాలి. కానీ పదిమందికి కూడా అక్కరలేని కొలతకు షెల్ చేయగలిగేది అదొక్కటే. అలా చేసేవాడు మొట్టమొదట అడిగేది ఛాంబర్ కొలతలు. అవి చాలా ఇళ్ళలో ఎక్కడా రాసి లేవు. పేల్చిన పాత షెల్ ఒక్కటైనా చిత్తుసామానులో పోకుండా ఉంటే, గొట్టాల అడుగు ముద్రల ఫోటో, అర్హుడైన పనివాడు తీసిన అచ్చు కొలతల కాగితం లైసెన్సు పుస్తకంతో కలిపి ఉంటే, ఆ రైఫిల్ ఎవరి చేతికి వెళ్ళినా తూటా వెతకడం సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.